బ్రీదరు కక్కిన నూనె – నేను రాసిన రిపోర్టు
(మన సంఘం నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత మెకానికల్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఏం మాట్లాడాలని అడిగాను. "మీకు తెలిసిందే చెప్పండి. బీపీ, షుగరు గురించి డాక్టరుగారు చెప్తారు, డీఏ బకాయిల గురించి నేను చెప్తాను" అన్నారు. నాకు తెలిసింది ఇంజన్లు. ముప్పై ఆరేళ్లు వాటితోనే బతికాను. ఇప్పుడు నాకు ఎనభై అయిదు దాటాయి. అందుకని ఒక ఇంజన్ సంగతి చెప్తాను. దానితోపాటు నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్తాను. నాకంటే చిన్నవాళ్లకు అది పనికి రావచ్చు.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మధ్య గోదావరే సరిహద్దు. 2016లో ఈ రెండు జిల్లాలు చాలా జిల్లాలయ్యాయి గానీ, గోదావరి మాత్రం ఎక్కడ పారేదో అక్కడే పారుతున్నది. ఇప్పుడు కాళేశ్వరం నుంచి సిరొంచకు వంతెన మీద పోతున్నాం. మా సర్వీసు రోజుల్లో అట్లా లేదు. వానకాలం వచ్చిందంటే చెన్నూరు వైపు వాళ్లు మంథని, మహదేవపురం వైపు రావాలన్నా, ఇవతలి వాళ్లు అవతలికి పోవాలన్నా పడవో, మోటారు బోటో దిక్కు. పెండ్లివారు, మేకలు, ఎరువుల బస్తాలు, బడిపంతుళ్లు, పురిటికి పోయే ఆడబిడ్డలు అందరూ ఆ బోటులోనే. అట్లాంటి ఒక రేవులో నడిచిన బోటు ఇంజన్ గురించే నేను చెప్పబోయేది. రేవు పేరు, మా ఆఫీసు పేరు చెప్పను. వాటి తప్పు కంటే నా తప్పే ఎక్కువ.

బ్రీదరు అంటే ఏమిటి?

ముందు ఇది అర్థం కావాలి. మనలో చాలామందికి బావి మీద ఆయిలింజన్ ఉండేది. దాని పక్కన చిన్న గొట్టమో, జాలీ ఉన్న మూతో ఉంటుంది. ఇంజన్ నడుస్తుంటే దాంట్లోంచి సన్నగా పొగలాంటి ఆవిరి వస్తుంది. అదే బ్రీదరు. ఇంజన్‌కు ముక్కు అనుకోండి.

ఆ ముక్కు ఎందుకంటే, సిలిండర్లో డీజిల్ మండినప్పుడు పుట్టే ఒత్తిడి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. పిస్టన్‌కూ గోడకూ మధ్య సందును రింగులు మూస్తాయి. 1850 ప్రాంతంలో ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంజనీరు చీలిక రింగును వాడుకలోకి తెచ్చిన నాటినుంచి నేటిదాకా పద్ధతి అదే. అయితే ఎంత కొత్త రింగయినా గాలి చొరకుండా నూటికి నూరు పాళ్లు ఆపలేదు. కొంచెం గ్యాసు రింగులు దాటి కిందికి, నూనె ఉండే సంపు వైపు దిగుతుంది. మెకానిక్కులు దాన్ని బ్లోబై అంటారు. ఆ గ్యాసు బయటికి పోయే దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సీలు మెత్తగా ఉంటే అక్కడ చింపుకొని నూనెతో సహా బయటపడుతుంది. అట్లా కాకుండా ఉండటానికే బ్రీదరు.

కాబట్టి బ్రీదరులోంచి కొంచెం ఆవిరి రావడం రోగం కాదు. గొట్టం చివర చుక్కలు చుక్కలుగా నూనె కారితే, ఇంజన్ గది గోడలన్నీ జిడ్డయితే, రోజూ నూనె పోయవలసి వస్తే అప్పుడు రోగం. ఆ రోగం పేరు వెంటనే "రింగులు పోయినయి" అని చెప్పేవాణ్ణి నమ్మకండి. అది ఒక కారణం మాత్రమే. జ్వరం వచ్చిన ప్రతివాడికీ మలేరియా కాదు గదా.

జరిగిన సంగతి

1991 పుష్కరాలు అయిపోయిన తర్వాతి వానకాలం. ఆ బోటుకు ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్. నిజానికి అది లారీకి పెట్టే రకం ఇంజన్, బోటుకు అమర్చారు. వేసవిలో దాన్ని దించి, ఫుల్ ఇంజన్ పని చేయించి మళ్లీ ఎక్కించారు. అప్పటినుంచి నూనె ఖర్చు పెరిగింది. లాగ్ బుక్ చూస్తే రెండు మూడు రోజులకోసారి లీటరు, లీటరున్నర పోసినట్టు రాసి ఉంది. కొత్తగా పని చేయించిన ఇంజన్ ఇంత నూనె తాగుతుందా అని ఆఫీసులో అనుమానం వచ్చింది.

బోటు డ్రైవరు ఎన్.ఎం.ఆర్. మనిషి, అంటే రోజుకూలీ మస్టరు మీద ఉన్నవాడు. నది ఒడ్డున పుట్టి, చిన్నప్పటినుంచి తెడ్డు పట్టినవాడు. నూనె అమ్ముకుంటున్నాడని ఎవరో చెవిన వేశారు. విచారించి రిపోర్టు ఇమ్మని నన్ను పంపారు.

నేను ఒకనాడు పొద్దున్నే జీపులో వెళ్లాను. బోటు రేవులో కట్టేసి ఉంది, ఖాళీగా. ఇంజన్ స్టార్టు చేయించాను. పది నిమిషాలు మెల్లగా నడిపించాను. బ్రీదరు గొట్టం కింద తెల్లకాగితం పట్టాను. సన్నటి ఆవిరి తప్ప ఏమీ రాలేదు. రెండు చుక్కలు కూడా పడలేదు. డ్రైవరు "సారూ, మంది ఎక్కినంక, నడి గోదారిల చూడాలె. అప్పుడు కక్కుతది" అన్నాడు. నాకు మధ్యాహ్నానికి ఇంకో చోట పని ఉంది. "చూస్తాలే" అన్నాను. చూడలేదు. ఆఫీసుకు వచ్చి, ఇంజన్‌లో లోపం కనిపించలేదని, అంత నూనె ఖర్చు కావడానికి యాంత్రిక కారణం లేదని రాసి సంతకం పెట్టాను.

దాని మీద మెమో వెళ్లింది. పదిహేడు లీటర్ల నూనె ఖరీదు, రూ. 680, అతని కూలీలోంచి నెలనెలా కోయాలని ఆర్డరు. అప్పట్లో ఆ మనిషికి అది ఎంత డబ్బో మీకు చెప్పనవసరం లేదు. డబ్బు కంటే పెద్దది ఇంకోటి ఉంది. ఊళ్లో అందరికీ అతను దొంగ అయ్యాడు.

నడి గోదావరిలో

మూడు వారాల తర్వాత వేరే పని మీద నేనే ఆ బోటు ఎక్కవలసి వచ్చింది. వరద తీస్తున్నది గానీ నీళ్లు ఇంకా ఎర్రగా, జోరుగా ఉన్నాయి. ముప్పై మందికి పైగా ఉన్నాం. డ్రైవరు నమస్కారం పెట్టాడు, మాట్లాడలేదు.

సగం దూరం పోయేసరికి ఇంజన్ గదిలోంచి కాలిన నూనె వాసన. ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతున్నది. డ్రైవరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఇంజన్ ఆపేశాడు. ఆపకుండా అవతలి ఒడ్డు దాకా లాగుదామనుకొని ఉంటే బేరింగులు పట్టేసి, తిరుగులేని ఇంజన్‌తో వరదలో కొట్టుకుపోయేవాళ్లం. అతనూ, హెల్పరూ వెదురు గడలు తీసుకొని, లంగరు జారవిడుస్తూ, నీటి వాలునే ఆసరా చేసుకొని అరమైలు కింద ఉన్న ఇసుక తిప్పకు బోటును ఆనించారు. గంటన్నర తర్వాత నాటు పడవల వాళ్లు వచ్చి అందరినీ దాటించారు. ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడి దయ అనుకున్నవాళ్లు అనుకున్నారు. నాకు మాత్రం ఆ మనిషి చేతులు కనిపించాయి.

తిప్ప మీద ఇంజన్ గది తెరిచి చూశాను. బ్రీదరు గొట్టంలో గోనెగుడ్డ పీలిక గట్టిగా కుక్కి ఉంది. నూనె బయటికి పోతే మళ్లీ తన కూలీ కోస్తారని హెల్పరు చేత అట్లా పెట్టించాడు. ముక్కు మూసుకుపోయిన ఇంజన్ వెనక సీలు చింపుకొని నూనెంతా బోటు అడుగున పోసింది. ఆ గుడ్డ కుక్కింది హెల్పరే కావచ్చు. దానికి కారణం నేను సంతకం పెట్టిన కాగితం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బ్రీదరును ఎన్నడూ మూయకూడదు. వేడెక్కిన ఇంజన్ లోపల నూనె ఆవిరి ఎంత ప్రమాదమో తెలియాలంటే పెద్ద ఓడల కథ వినాలి. 1947 సెప్టెంబరు 11న ఉత్తర ఐర్లండు తీరం దగ్గర 'రైనా డెల్ పసిఫికో' అనే ప్రయాణికుల ఓడను రిపేర్ల తర్వాత పరీక్షగా నడుపుతుండగా, ఒక పిస్టన్ మితిమీరి వేడెక్కి క్రాంక్ కేసులోని నూనె ఆవిరి అంటుకొని పేలింది. 28 మంది చనిపోయారు. మన చిన్న ఇంజన్లలో అంత జరగకపోవచ్చు గానీ పాఠం ఒకటే. ఇంజన్ బాగా కాగి ఆగిపోతే వెంటనే పక్క మూతలు తెరవవద్దు, చల్లారనివ్వండి.

ఎట్లా కనిపెట్టాం?

కొత్త సీలు వేశాం. గేజి పుల్ల చూసి గుర్తు దాకా నూనె పోశాం. ఈసారి నేను బోటులోనే ఉన్నాను. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే ఉంది. ఇసుక బస్తాలు వేసి, పూర్తి వేగంతో ఎదురు నీటికి నడిపితే పావుగంటలో బ్రీదరు నూనె కక్కడం మొదలుపెట్టింది. డ్రైవరు చెప్పిన మాట అక్షరాలా నిజం.

అందరూ "రింగులే, ఇంజన్ దించండి" అన్నారు. ఎస్టిమేటు కూడా తయారైంది. మా దగ్గర ఒక పెద్ద మెకానిక్కు ఉండేవాడు. చదువు తక్కువ, చెవి ఎక్కువ. ఆయన ఒకే ప్రశ్న అడిగాడు: "నూనె పుల్ల చూసి పోసిన్రా, కొలిచి పోసిన్రా?" మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆయన చేసిన పరీక్షలు వరసగా చెప్తాను. మీ ఇంటి ట్రాక్టరుకైనా, జనరేటరుకైనా ఇదే వరస.

మొదటిది, నూనె గుణం. పుల్ల తీసి రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూడాలి. డీజిల్ వాసన వచ్చి పల్చగా ఉంటే డీజిల్ సంపులోకి దిగుతున్నదని, మట్టం దానివల్లే పెరుగుతున్నదని అర్థం. ఫీడ్ పంపు డయాఫ్రం చినిగినా, నాజిల్ కారినా అట్లా అవుతుంది. నూనె పాలు కలిపిన టీ రంగుకు తిరిగితే నీళ్లు దిగాయి. ఈ రెండూ మా ఇంజన్‌లో లేవు.

రెండోది, బ్రీదరు జాలీ. లోపలి జాలీ మసితో మూసుకుపోయినా, ఓవర్‌హాల్‌లో దాన్ని, దాని కింది అడ్డు రేకును మళ్లీ పెట్టడం మరిచినా నూనె తుంపర నేరుగా బయటికి వస్తుంది. మాది సరిగానే ఉంది.

మూడోది, గ్యాసు ఎంత వస్తున్నదో చూడటం. ఇది ముఖ్యం. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే పారదర్శకమైన ట్యూబు తెచ్చి, U ఆకారంలో చెక్కకు కట్టి సగం దాకా నీళ్లు పోశాడు. ఒక కొసను నూనె పోసే మూత దగ్గర బెండు బిరడాలో బిగించాడు. ఇంకో కొస గాలికి. బ్రీదరు మామూలుగా తెరిచే ఉండాలి. లోడు మీద నడిపినప్పుడు రెండు వైపుల నీటి మట్టాల తేడాయే లోపలి ఒత్తిడి. మాకు ఒక అంగుళం కూడా రాలేదు. పైగా నీళ్లు నిలకడగా ఉన్నాయి.

రింగులు అరిగితే ఈ ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఒక్క సిలిండర్లో రింగు విరిగినా, పిస్టన్‌కు చిల్లి పడినా నీళ్లు లయగా ఎగిరెగిరి పడతాయి, బ్రీదరు బుస్సు బుస్సుమంటుంది. అప్పుడు ఇంజన్ మెల్లగా నడుస్తుండగా ఒక్కో సిలిండరు డీజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేసి ఆ సిలిండర్ను ఆపి చూడాలి. ఏది ఆపితే బుస తగ్గుతుందో రోగం అందులో ఉన్నట్టు. చెయ్యి మాత్రం ఆ పైపు దగ్గర అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడితో వచ్చే డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఆ తర్వాత నాజిళ్లు తీసి కంప్రెషన్ గేజి పెట్టి అన్ని సిలిండర్లనూ పోల్చి చూడాలి. అప్పటికి గానీ ఇంజన్ దించే మాట ఎత్తకూడదు. లారీ ఇంజన్‌కు గాలి కంప్రెసరు ఉంటే దాని రింగులు పోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. దాన్ని విడదీసి చూడకుండా ఇంజన్‌ను అనడం అన్యాయం.

మా దగ్గర గ్యాసు తక్కువ, నూనె ఎక్కువ. అంటే నూనెను తోస్తున్నది గ్యాసు కాదు. మరేది?

నాలుగోది, కొలత. సంపులోని నూనెంతా వదిలి డబ్బాతో కొలిచాం. పద్దెనిమిది లీటర్లు. ఆ ఇంజన్ పుస్తకం ప్రకారం ఉండవలసింది పద్నాలుగు.

సంగతేమంటే, లారీలో ఇంజన్ దాదాపు మట్టంగా ఉంటుంది. బోటులో పంకా ఇరుసు నీళ్లలోకి దిగాలి కాబట్టి ఇంజన్ వెనక్కి వాలి ఉంటుంది. జనం ఎక్కి వేగం అందుకుంటే వెనక భాగం ఇంకా దిగుతుంది. గేజి పుల్ల ముందు వైపు ఉంది. నూనె వెనక్కి చేరితే ముందు పుల్లకు తక్కువ కనిపిస్తుంది. పాత పుల్ల మీద ఎవరో తెలిసినవాడు బోటుకు సరిపోయేటట్టు ఆకురాయితో గీత గీశాడు. ఓవర్‌హాల్‌లో ఆ పుల్ల పోయింది, దాని స్థానంలో లారీ పుల్ల వచ్చింది. దాని గుర్తు దాకా పోస్తే నాలుగు లీటర్లు ఎక్కువ. వెనక సిలిండర్ల క్రాంకు నూనెలో మునిగి చిలుకుతున్నది. మజ్జిగ కవ్వం ఎంత లోతు దిగితే అంత చిందుతుంది గదా. ఆ నురగ బ్రీదరు దారి పట్టింది. కొంత పోగానే మట్టం సరిపోయి కక్కడం ఆగేది. పొద్దున డ్రైవరు పుల్ల తీస్తే "తక్కువ" అని చూపేది. పాపం, చెప్పినట్టే మళ్లీ గుర్తు దాకా పోసేవాడు. మళ్లీ కక్కేది. లాగ్ బుక్‌లోని ప్రతి లీటరుకూ లెక్క దొరికింది.

పద్నాలుగు లీటర్లు కొలిచి పోసి, బోటును ఖాళీగా నిలకడ నీళ్లలో కట్టి, పావుగంట ఆగి, పుల్ల మీద కొత్త గీత గీశాం. లోడుతో గంటసేపు నడిపాం. నేను పట్టిన తెల్లకాగితం ఈసారి కూడా తెల్లగానే ఉంది. ఈసారి దానికి విలువ ఉంది.

తర్వాత

నేను రెండో రిపోర్టు రాశాను. మొదటి రిపోర్టు తప్పని, లోడు మీద పరీక్షించకుండా రాశానని, డ్రైవరు ముందే సరైన మాట చెప్పినా వినలేదని అందులోనే రాశాను. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను. ఒక ఇంక్రిమెంటు ఆలస్యమైంది. మా ఇంటావిడ "అంత వివరంగా రాయకపోతే ఏం?" అంది. కానీ సగం రాస్తే అతని పేరు మీద సగం మచ్చ మిగిలేది. రికవరీ ఆపారు. కోసిన డబ్బు తిరిగి చేతికి రావడానికి మాత్రం ఏడాది దాటింది.

ఆ డబ్బు ఇచ్చిన రోజు నేను రేవుకు వెళ్లాను. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కున్నాను. అతను నోట్లు లెక్కపెట్టలేదు. "సారూ, ఆనాడు ఒక్కపారి బోటెక్కి చూస్తే అయిపోతుండె గదా" అన్నాడు. కోపం లేదు, దెప్పు లేదు. నాకు ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ గానీ, పెద్ద శిక్ష గానీ రాలేదు.

చివరగా ఇంట్లో ఇంజన్లున్నవాళ్లకు రెండు మాటలు. నూనె మార్చినప్పుడు పుల్లను నమ్మకముందు ఒకసారి కొలిచి పోయండి, పుల్ల ఏం చెప్తుందో గుర్తుపెట్టుకోండి. కొన్ని ఇంజన్లలో బ్రీదరు గొట్టం గాలి పీల్చే పైపులో కలిసి ఉంటుంది. అట్లాంటి దాంట్లో నూనె ఎక్కువ కక్కితే ఇంజన్ ఆ నూనెనే తాగి, డీజిల్ ఆపినా ఆగకుండా పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. అప్పుడు గాలి దారికి చెక్కో, రేకో గట్టిగా అడ్డం పెట్టి ఊపిరి ఆపాలి, చెయ్యి పెట్టకూడదు.

ఇక ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు ఒక మాట. ఇంజన్ గురించి రాసినా, మనిషి గురించి రాసినా, లోడు మీద చూడకుండా సంతకం పెట్టవద్దని చెప్పండి. ఒడ్డున కట్టేసిన బోటు ఎప్పుడూ బాగానే ఉంటుంది.